నువ్వేమంటావని అడగలేదు

రాజ్యాంగం పాఠం చెప్పడమంటే నాకు మొదటినుంచీ విసుగే. పిల్లలకు నిద్రొస్తుంది, చెప్పే నాకూ వస్తుంది. నరసరావుపేటలో మా బడి రేకుల షెడ్డులో మధ్యాహ్నం పూట రాష్ట్రపతి అధికారాలు చెప్పుకుపోతుంటే, నా గొంతు నాకే ఎక్కడో పక్క గదిలోంచి వినిపిస్తున్నట్టుంటుంది. ఆ రోజు రాష్ట్రపతిని అభిశంసించే పద్ధతి చెప్పి, బోర్డు తుడుస్తుంటే, ముందు వరసలో ఒక అమ్మాయి లేచింది.

“టీచర్, ప్రధానమంత్రినీ ముఖ్యమంత్రినీ కూడా అట్టా అభిశంసించొచ్చా?”

“వాళ్ళకి అభిశంసన లేదమ్మా. అభిశంసనంటే రాజ్యాంగాన్ని మీరాడని నేరం మోపి, విచారణ జరిపి తొలగించడం. అది రాష్ట్రపతికి. ప్రధానినీ ముఖ్యమంత్రినీ దించాలంటే సభలో అవిశ్వాస తీర్మానం పెడతారు. ఎక్కువమంది నమ్మకం లేదంటే దిగిపోవాల్సిందే.”

“తప్పు చెయ్యకపోయినానా?”

“తప్పుతో పని లేదు. నమ్మకం లేదంటే చాలు.”

ఆ పిల్ల కూర్చోలేదు. “అది అన్యాయం గదా టీచర్” అంది. క్లాసంతా నవ్వింది. నేను కూడా నవ్వి, ప్రజాస్వామ్యమంటే అంతేనని, రాసుకోమన్నాను. పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న అది. ఆ రెండు మార్కులకు సరిపడా నేను సరిగ్గానే చెప్పాను.

సాయంత్రం బస్టాండులో నిలబడి ఉంటే మా అక్క ఫోన్ చేసింది. మామూలుగా ఫోన్ ఎత్తగానే “ఏమే, తిన్నావా” అంటుంది. ఆ రోజు అదేం లేదు.

“ఏమే, నన్ను దించేత్తన్నారంట. నోటీసొచ్చింది. సంతకాలు పెట్టిచ్చారంట. అట్టా దించటానికి చట్టం ఒప్పుకుంటదా? నువ్వు పాఠాలు చెప్తావు గదా, చెప్పు.”

బస్టాండు గోలలో కూడా ఆమె గొంతు వణకడం తెలిసింది. ఆదివారం వస్తానని చెప్పి పెట్టేశాను.

మా అక్క గురజాల వైపు ఒక మండలానికి అధ్యక్షురాలు. ఇది చెబితే బడిలో తోటి టీచర్లు మాకేదో పెద్ద ఇల్లూ వాకిలీ ఉన్నాయనుకునేవాళ్ళు. మా నాయన నాపరాయి క్వారీలో మేస్త్రీ. బావ సున్నపురాయి టిప్పర్ తోలుతాడు. అక్క పదో తరగతి దాకా చదివి, ఊళ్ళో మిషన్ కుట్టుకుంటూ ఉండేది. ఆ విడత మండలాధ్యక్ష పదవి ఆడవాళ్ళకు రిజర్వ్ అయింది. ఊరూరి నుంచి గెలిచిన ఎంపీటీసీ సభ్యులు తమలో ఒకర్ని అధ్యక్షురాలిగా ఎన్నుకోవాలి. పెద్ద నాయకులకు తమలో తమకు పడక, ఎవరి ఇంటి మనిషీ కాని ఆడమనిషి కోసం వెతికి, మా అక్క మీద ఆగారు. చెప్పినట్టు వింటుందని అనుకున్నారు. అక్క మిషన్ మీద బట్ట ఎంత వంకరగా వచ్చినా కత్తెర్ని మాత్రం తిన్నగా పోనిచ్చే మనిషని వాళ్ళకు తెలియదు.

ఆ ఎన్నికకు ముందు సభ్యులందర్నీ బస్సెక్కించి క్యాంపుకు తీసుకెళ్ళారు. మా పల్నాడులో ఓటు వేసేవాడు చేజారిపోకుండా అట్టే పెట్టుకోవడానికి ఇదే పద్ధతి. ఫోన్లు తీసుకుంటారు, మంచి హోటల్లో భోజనం పెడతారు, గుడులు చూపిస్తారు, ఓటు రోజున తిన్నగా ఆఫీసు ముందు దింపుతారు. బయల్దేరే ముందు ప్రమాణం చేయిస్తారు. హిందువులైతే పసుపు నీళ్ళలో చెయ్యి పెట్టి, మాలాంటి వాళ్ళయితే బైబిలు మీద. అక్క తిరిగొచ్చి చిలకలూరిపేట హోటల్లో తిన్న ఇడ్లీ గురించి వారం రోజులు చెప్పింది. “పెళ్ళికి కూడా ఇట్టా మర్యాద చెయ్యలేదే మీ బావోళ్ళు” అని నవ్వింది. ఆ క్యాంపులో ఆమెతో ఒకే గదిలో పడుకున్నదీ, ఒకే బైబిలు మీద చెయ్యి వేసిందీ పక్క ఊరి సభ్యురాలు. చుట్టరికమేమీ లేదు. చర్చిలో ఇద్దరూ ఒకే చాప మీద కూర్చుంటారు, అక్క ఆమెను వదినా అని పిలుస్తుంది. మేమందరం అలాగే పిలిచేవాళ్ళం.

నాలుగేళ్ళు నిండేదాకా అధ్యక్షురాలి మీద అవిశ్వాసం పెట్టకూడదని చట్టం. ఆ నాలుగేళ్ళూ నిండాయి. ఈలోగా పైన ప్రభుత్వం మారింది, కింద మెడల్లో కండువాలు మారాయి. అక్క మెడలో మాత్రం మారలేదు. అదేదో గొప్ప నిష్ఠ అని చెప్పను. ఆమెను ఎవరూ మర్యాదగా అడగలేదు, ఆమె వెళ్ళలేదు.

ఆదివారం నేను వెళ్ళేసరికి అక్క ముందు వరండాలో ఎండుమిరపకాయల తొడిమలు తీస్తూ కూర్చుంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. మిరప ఘాటుకా, ఏడ్చిందా అని అడగలేకపోయాను. పక్కన కూర్చుని నేనూ తొడిమలు తీస్తూ, క్లాసులో చెప్పినట్టే చెప్పాను. చట్టం ఒప్పుకుంటుంది. సభ్యుల్లో సగం మంది సంతకాలు పెడితే నోటీసు ఇవ్వొచ్చు, మూడింట రెండొంతులు చేతులెత్తితే దిగిపోవాలి.

“నేను చేసిన తప్పేందో అందులో రాత్తారా?”

“రాయక్కర్లేదు అక్కా.”

“మరి రాష్ట్రపతికి?”

అది ఆమెకు ఎలా తెలుసని ఆశ్చర్యపోయాను. వార్తల్లో ఎవరో అమెరికా అధ్యక్షుడి మీద అభిశంసన అని చెబుతుంటే విన్నదట. మన రాష్ట్రపతికైతే నేరమేమిటో రాసివ్వాలి, విచారించాలి, ఆయన స్వయంగా వచ్చో మనిషిని పంపించో తన మాట చెప్పుకోవచ్చు అన్నాను. ప్రధానమంత్రి సంగతీ అడిగింది. ఆయన మీద నేరం మోపక్కర్లేదు గానీ అవిశ్వాసం మీద సభలో రోజుల తరబడి చర్చ జరుగుతుంది, చివర్లో ఆయన గంటల తరబడి జవాబు చెబుతాడు అన్నాను.

“నాకు?”

నిబంధనల పుస్తకం సంపాదించి చదివే వచ్చాను. మండలాధ్యక్షురాలికైతే డివిజన్ ఆఫీసరు వచ్చి తీర్మానం చదువుతాడు, చేతులెత్తమంటాడు. చర్చ ఉండదు. అది అలాగే రాసి ఉంది. ఆ మాట నా నోటితోనే చెప్పాను. చెబుతుంటే నాకే ఒళ్ళు మండింది. ఎంత పైనున్న మనిషికి అంత నోరు ఇచ్చి, కిందికొచ్చేకొద్దీ దాన్ని నొక్కుకుంటూ వచ్చి, మా అక్క దగ్గరికొచ్చేసరికి పూర్తిగా మూసేశారు. ఇన్నేళ్ళుగా పాఠం చెబుతూ ఈ సంగతి నాకు ఒక్కసారి కూడా తట్టలేదు.

అక్క నమ్మలేదు. “పోవే! నువ్వు సగం చదివొచ్చావు” అంది. “అడక్కుండా ఎట్టా దించుతారే? మనుషులు కారా ఆళ్ళు? నాయన అడిగేవాడు కాదా?”

మా నాయన సంఘ పెద్ద. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి వరండాలో తగాదాలు తీర్చేవాడు. గట్టు తగాదాలు, మొగుడూ పెళ్ళాల గొడవలు, ఎక్కువగా కోళ్ళు. ఆయన పద్ధతి ఒకటుండేది. ఫిర్యాదంతా విన్నాక, తప్పు చేశాడన్న మనిషి వైపు తిరిగి “నువ్వేమంటావు?” అని అడిగేవాడు. వాడు మాట్లాడేదాకా ఎవర్నీ లేవనిచ్చేవాడు కాదు. ఒకసారి కోడిని దొంగిలించినవాడు, ఈకలు వాడి పెరట్లోనే దొరికినా, నోరు మెదపకుండా కూర్చున్నాడు. దీపాలు పెట్టేవేళ అయినా నాయన వదల్లేదు. అన్నాలు చల్లారిపోతున్నాయని ఆడవాళ్ళు సణుగుతుంటే, “ఆడి మాట ఆడు చెప్పాల” అన్నాడు. చివరికి వాడు “పిల్లకి జొరమొచ్చింది, పులుసు తాగుతానంది” అని ఏడ్చాడు. తప్పు కట్టమన్నారు, వాడు కట్టాడు. మరుసటి ఆదివారం అందరితో పాటు వచ్చి కూర్చున్నాడు కూడా. మేమిద్దరం అది చూస్తూ పెరిగాం. మనిషిని వెలేసే ముందు అడుగుతారన్నది మా అక్కకు అన్నం ముద్ద లాంటి సంగతి. చట్టం పుస్తకం వేరే చెబుతోందంటే, అచ్చు తప్పేమో అనుకునే మనిషి.

అందుకని జవాబు సిద్ధం చేసుకోవడం మొదలుపెట్టింది.

ఆమె మీద ఊళ్ళో ఉన్న మాట ఒకటే. అంతకు ముందు ఎండాకాలం బోర్లు ఎండిపోయినప్పుడు, నీళ్ళ ట్యాంకరును ముందు ఊరి మధ్యకు కాకుండా క్వారీ పక్కనున్న రేకుల ఇళ్ళకు పంపించింది. తనవాళ్ళకు తోలుకుంది అన్నారు. అక్కడుండేది ఎక్కడెక్కడి నుంచో రాళ్ళు కొట్టడానికి వచ్చిన జనం. వాళ్ళకు ఇక్కడ ఓట్లే లేవు. కానీ నాపరాయి మేస్త్రీ కూతురు గనక, క్వారీలో వాళ్ళందరూ ఆమెవాళ్ళే అయిపోయారు.

“అయ్యా, ఆ ఎండాకాలం నేను చూట్టానికి పోయినప్పుడు, అక్కడొక బాలింత గిన్నె పట్టుకుని రోడ్డు మీద నిలబడి ఉంది” అని మొదలుపెట్టేది. “పదిరోజుల బిడ్డ. ఊళ్ళో వాళ్ళు డబ్బా నీళ్ళు తెచ్చుకుంటన్నారు, ఆమెకి అదీ లేదు. అందుకని ముందు అటు తోలమన్నా. నాది తప్పనుకుంటే చెప్పండి.” ఇది ఆమె జవాబు. తొడిమలు తీస్తూ చెప్పేది, గిన్నెలు తోముతూ చెప్పేది. బాలింత అనాలా, తల్లి అనాలా అని నన్నడిగేది. ఆఫీసరు ముందు “చూట్టానికి” అనకూడదేమో, “పరిశీలనకు” అనాలేమో అంది. నీ నోటికొచ్చినట్టే చెప్పమన్నాను. అడగరని మళ్ళీ ఒకసారి చెప్పాను. ఆమె చెయ్యి ఊపేసింది.

ఆ వారంలోనే సభ్యులు ఒక్కొక్కరే మాయమయ్యారు. క్యాంపు మొదలైందన్నమాట. ఫోన్లు మోగుతాయి, ఎత్తరు, తర్వాత మోగవు కూడా. శనివారం నేను వచ్చేసరికి అక్క నన్ను వెంటబెట్టుకుని వదిన ఇంటికి వెళ్ళింది. వదిన మొగుడు పెరట్లో గేదె కింద కూర్చుని తంటాలు పడుతున్నాడు. ఆ గేదె వదిన చెయ్యి తప్ప ఇంకో చేతికి పాలివ్వదు. చెంబులో అడుగు కూడా తడవలేదు.

“ఆమె లేదమ్మా. కూతురికి నొప్పులొచ్చినయ్యంటే మాచర్ల పోయింది” అన్నాడు, తలెత్తకుండా.

వాళ్ళ కూతురికి అప్పటికి నాలుగో నెల. అది మా ముగ్గురికీ తెలుసు. అక్క కొంగు బిగించి, చెంబు తీసుకుని, గేదె పొదుగు మీద నీళ్ళు చల్లి తను పిండి చూసింది. అది అక్కకూ ఇవ్వలేదు. తిరిగొస్తూ దారిలో “తప్పక పోయుంటదే” అంది. “ఆళ్ళాయన కాంట్రాక్టు పని ఆ పెద్దోళ్ళ చేతిలో ఉంది. పోయినా, చెయ్యి మాత్రం ఎత్తదు. బైబిలు మీద ఒట్టేసింది గదా.”

ఆదివారం చర్చిలో అక్క ఎప్పటి చాపే పరిచింది. తన పక్కన చోటు వదిలి కూర్చుంది. వెనకనుంచి ఎవరో వచ్చి అక్కడ కూర్చోబోతే, “వత్తారు” అని చెయ్యి అడ్డం పెట్టింది. ఎవరూ రాలేదు. పాటలు పాడుతున్నంత సేపూ ఆ ఖాళీ చాప నా కళ్ళముందే ఉంది.

మీటింగు రోజున అక్క ఇస్త్రీ చేసిన నేత చీర కట్టుకుంది. తల బిగించి ముడేసుకుంది. బావ టిప్పరు ఆపేసి ఇంట్లోనే ఉన్నాడు గానీ రానన్నాడు, చూడలేనన్నాడు. నేను సెలవు పెట్టి వెళ్ళాను. మండల పరిషత్ ఆఫీసు గేటు దగ్గర పోలీసులు, రోడ్డుకు అడ్డంగా కట్టిన తాళ్ళు. లోపలికి సభ్యులను తప్ప పోనివ్వలేదు. ఒక పెద్దవయసు కానిస్టేబులు నా మొహం చూసి, కిటికీ పక్క వరండాలో నిలబడమన్నాడు. ఉక్కపోతకు కిటికీ రెక్కలు తీసే ఉన్నాయి.

బస్సు తిన్నగా గేటు దాకా వచ్చింది. అందులోంచి ఆడవాళ్ళందరూ ఒకే రంగు చీరల్లో దిగారు. ముదురు ఆకుపచ్చ, జరీ అంచు. క్యాంపులో పెట్టినవి కాబోలు. మడతలు కూడా పోలేదు. వాళ్ళలో వదిన ఎక్కడుందో ముందు గుర్తుపట్టలేకపోయాను. అక్క వెంటనే పట్టింది. చెయ్యి ఊపింది. వదిన మెట్లు చూసుకుంటూ ఎక్కింది.

డివిజన్ ఆఫీసరు గారు మంచాయనే. అది చెప్పాలి. కోపంగా లేడు, వెటకారంగా లేడు. కుర్చీలో కూర్చుని, మంచినీళ్ళు తాగి, తీర్మానం చదివాడు. “అధ్యక్షురాలిపై విశ్వాసం లేదు” అన్న ఒక్క వాక్యం. ఎందుకు లేదో లేదు. ట్యాంకరు మాట లేదు, క్వారీ మాట లేదు. తీర్మానానికి అనుకూలంగా ఉన్నవాళ్ళు చేతులెత్తండి అన్నాడు.

అక్క లేచి నిలబడింది. “అయ్యా, నాదొక మాట.”

“అమ్మా, చర్చకు నిబంధనలు ఒప్పుకోవు. కూర్చోండి.”

“చర్చ కాదయ్యా. నేను చేసిందేందో ఆళ్ళని అడగమంటన్నా. ఆళ్ళు చెప్తే నేను జవాబు చెప్తా. అంతే.”

“నాకు ఆ అధికారం లేదమ్మా. దయచేసి కూర్చోండి.”

కూర్చోలేదు. నిలబడే ఉంది. చేతులు లేచాయి. ఆకుపచ్చ జాకెట్ల చేతులు, తెల్ల చొక్కాల చేతులు. వదిన చెయ్యి అందరికన్నా ఆలస్యంగా లేచింది. పక్కనున్నామె మోచేత్తో పొడిచాక లేచింది. పూర్తిగా కూడా ఎత్తలేదు, చెవి దాకా వచ్చి ఆగింది. దాన్నీ లెక్కపెట్టారు. అక్క ఆ చేతినే చూస్తూ ఉంది. ఆమె మొహంలో కోపం కనిపిస్తుందేమోనని చూశాను. లేదు. పరీక్షలో తాము చదివిన ప్రశ్న రాని పిల్లలు కాగితం అటూ ఇటూ తిప్పి చూస్తారే, ఆ మొహం.

తీర్మానం నెగ్గిందన్నాడు ఆఫీసరు. గేటు బయట డప్పులు మొదలయ్యాయి. మీటింగు మొదలవగానే బల్లమీద పెట్టిన టీలు ఇంకా పొగలు కక్కుతూనే ఉన్నాయి. నాకు ఏడుపు రాలేదు. ఆ బల్లమీదున్నవన్నీ కింద పడేలా ఒక్క తోపు తోయాలనిపించింది. కిటికీ ఊచలు పట్టుకుని నిలబడ్డాను. కానిస్టేబులు నా పక్కకొచ్చి, “పదమ్మా, అక్కని తీస్కపో” అన్నాడు, మెల్లగా.

అక్క ఇంటికొచ్చి చీర మార్చుకుని, ఎప్పటిలాగే పొయ్యి దగ్గరికి పోయింది. బావ ఏదో అనబోతే, “నాయన ఉంటే అడిగేవాడు” అని మాత్రం అంది.

తర్వాత రెండు ఆదివారాలు వదిన చర్చికి రాలేదు. మూడోసారి వచ్చింది, వెనక గోడకానుకుని నిలబడింది. ఆరాధన అయ్యాక జనం పోతుంటే అక్కే ఆమె దగ్గరికి వెళ్ళింది. నేను వెంటే ఉన్నాను. గొడవ పడుతుందేమోనని భయపడ్డాను, పడితే బాగుండునని కూడా అనిపించింది. అక్క ఆమెను తీసుకుపోయి వరండాలో, మా నాయన కూర్చునే చోట కూర్చోబెట్టింది.

“వొదినా, చెయ్యి ఎందుకెత్తావని అడగను. నీ ఇబ్బందులు నీకున్నయ్యి. ఒక్కటి చెప్పు. క్యాంపులో అందరూ ఒకచోట ఉన్నారు గదా. నా మీద ఏమనుకున్నారు? ట్యాంకరు గురించేనా? నేను చేసిన తప్పేంది?”

వదిన నేల వైపు చూసింది. అబద్ధం వెతుక్కుంటోందని అనుకున్నాను. తలెత్తినప్పుడు ఆమె కళ్ళనిండా నీళ్ళున్నాయి.

“నీ తప్పేం లేదమ్మా. ట్యాంకరు మాటే ఎవురూ ఎత్తలా. అసలు నీ మాటే రాలేదు. సినిమాలేశారు, గుడికి తీసకపోయారు, చీరలు పెట్టారు. తప్పుంటే చెప్పేవాళ్ళం గదా.”

ఓదార్పుగానే అంది. చెయ్యి పట్టుకుని మరీ అంది. అక్క ఆ చేతిని విడిపించుకోలేదు, పట్టుకోనూ లేదు.

ఆ సాయంత్రం నేను బయల్దేరుతుంటే అక్క మళ్ళీ మిరపకాయల ముందు కూర్చుంది. పదవి పోయిందనో పరువు పోయిందనో ఏడుస్తుందని చూశాను. “ఏదో ఒకటి అనుకుని ఉంటారనుకున్నానే” అంది. “తిట్టుకునైనా ఉంటారనుకున్నా.”

చెప్పులు వేసుకుని గేటు దాకా వచ్చి వెనక్కి చూశాను. అక్క తల వంచుకుని తొడిమలు తీస్తోంది. పెదవులు కదులుతున్నాయి. ప్రార్థన అనుకున్నాను. గేటు తీసే చప్పుడు చెయ్యకుండా ఆగి విన్నాను.

“అయ్యా, ఆ ఎండాకాలం నేను చూట్టానికి పోయినప్పుడు, అక్కడొక బాలింత…”